ఇంట్లో పాట రికార్డు చేయాలంటే: ఫోనా, యూఎస్‌బీ మైకా, ఇంటర్‌ఫేసా, స్టూడియోనా?

సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లు నలుగురు కలిస్తే పది నిమిషాల్లో మాట మైకు మీదికి మళ్లుతుంది. నీది ఏ మైకు, ఎంతకు వచ్చింది, ఎక్కడ కొన్నావు అని. నేను పదకొండేళ్లుగా ఇంట్లోనే పాటలు కట్టి రికార్డు చేసుకుంటున్నాను. పగలు ఉద్యోగం, రాత్రి, తెల్లవారుజాము పాట. ఈ మధ్య ఇద్దరు మిత్రులు వారం తేడాలో ఒకే ప్రశ్న అడిగారు: "పదిహేను వేలు దాచాను, ఏం కొనమంటావ్?" ఇద్దరినీ నేను తిరిగి అడిగింది ఒక్కటే: "నీ పాట ఎక్కడ ఆగిపోతోంది?"

ఒకరికి పల్లవి వస్తుంది, చరణం రాదు. ఒకరికి బండి నడుపుతుంటే మంచి ట్యూన్ తడుతుంది, ఇంటికొచ్చేసరికి పోతుంది. ఇంకొకరికి పాట మొత్తం సిద్ధంగా ఉంటుంది, కానీ పాడి వింటే బావిలోంచి పాడినట్టు ఉంటుంది. మరొకరు అన్నీ బాగా చేసి, గొంతునూ వాద్యాలనూ కలిపి సరిచేసే మిక్సింగ్ దగ్గర ఆరు నెలలు కూర్చుంటారు. ఈ నలుగురికీ ఒకే మైకు చెబితే ముగ్గురి డబ్బు వృథా. ఎందుకంటే ఇందులో మైకుతో తీరే కష్టం ఒక్కటే, అదీ సగమే.

## ముందు చూసుకోవలసినవి

నా లెక్కలో ఐదు విషయాలు చూడాలి. పాట ఎక్కడ ఆగుతోంది, మీ గది ఎలా ఉంది, పట్టాల్సిన శబ్దం ఏది (గొంతా, కీబోర్డా, డప్పా), ఒక్కరే చేస్తారా నలుగురు కలిసి చేస్తారా, వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి. డబ్బు వీటి తర్వాతే. ఎంత ఉందో దాన్నిబట్టి మొదలుపెడితే దుకాణంవాడు చెప్పింది కొనుక్కొస్తాం.

వీటిలో గది గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలామంది వదిలేసేది ఇదే.

మన ఇళ్లలో గోడలు సిమెంటు, నేల టైల్స్ లేదా గ్రానైట్, పైన స్లాబ్. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. చప్పట్టు వెనకే 'టింగ్' అని తోక వినిపిస్తే, ఆ తోక మీ ప్రతి అక్షరం వెనకా పడుతుంది. ఎంత ఖరీదైన మైకు పెడితే ఆ తోకను అంత శుభ్రంగా రికార్డు చేస్తుంది. హాలు కంటే పడకగది మేలు. పరుపు, దిండ్లు, కర్టెన్లు, బట్టల బీరువా అన్నీ శబ్దాన్ని తాగేస్తాయి. ఇనుప బీరువా అయితే తలుపులు తెరిచి పెట్టండి, మూసి ఉంటే అదీ గోడే.

బొంత ఎక్కడ కట్టాలన్నది ఇంకో సంగతి. అందరూ మైకు వెనక గోడకు కడతారు. సాధారణంగా మనం వాడే మైకులు ముందువైపు వచ్చే శబ్దాన్నే ఎక్కువ పట్టుకుంటాయి. మైకు ముందు మీరున్నారు, మీ వెనక ఉత్త గోడ ఉంది. ఆ గోడకు కొట్టుకుని వచ్చే శబ్దం నేరుగా మైకులోకి పోతుంది. కాబట్టి మందపాటి బొంత మీ వీపు వెనక ఉండాలి. గుడ్ల అట్టలు అంటించడం వల్ల ఉపయోగం లేదు. పలచటి ఫోమ్ షీట్లు పై స్వరాలను మాత్రమే కాస్త తగ్గిస్తాయి, కింది మోత అలాగే ఉంటుంది.

తర్వాత ఫ్యాను. మే నెలలో ఫ్యాను ఆపి మూడు టేకులు పాడటమంటే ఏమిటో పాడినవాళ్లకే తెలుసు. ఎదురింటి కుక్కరు కూతలు, వీధిలో స్పీకరు పెట్టుకుని తిరిగే కూరగాయల బండి, గుడి మైకు కూడా ఉంటాయి. నాకు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా దొరికినంత నిశ్శబ్దం ఇంకెప్పుడూ దొరకలేదు. కానీ ఆ వేళకు గొంతు తెరుచుకోదు, పై స్థాయి పలకదు. అందుకని తంబూరా, కీబోర్డు, మంద్రంలో పాడే పల్లవులు తెల్లవారుజామున చేసుకుని, పైకి వెళ్లే చరణాలు ఆదివారం మధ్యాహ్నం వీధి కునుకు తీసే వేళకు పెట్టుకుంటాను.

దూరం కూడా లెక్కే. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. కాబట్టి మోత ఉన్న గదిలో బెత్తెడు దూరంలో పాడండి, గది శుభ్రంగా ఉంటే జానెడు. బెత్తెడుకు వస్తే ప, బ, భ, ఫ అక్షరాలకు గాలి 'టప్' మని కొడుతుంది. "భారమా", "ప్రాణమా" లాంటి మాటలు మన పాటల్లో కొల్లలు. మైకు ముందు ఆ గాలిని ఆపే వంద, రెండు వందల పలచటి తెర, పాప్ ఫిల్టర్ పెట్టండి, లేదా మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిప్పండి.

## ఫోన్ ఒక్కటే

ట్యూన్ తట్టిన క్షణానికీ అది భద్రమయ్యే క్షణానికీ మధ్య దూరం తగ్గించడంలో ఫోనుకు సాటి లేదు. జేబులో ఉంటుంది, రెండు సెకన్లలో మొదలవుతుంది. పాటలు తట్టి పోతున్నవాళ్లు ఇంకేదీ కొననక్కర్లేదు, అలవాటు చేసుకుంటే చాలు.

ఆ అలవాటు లేక నేను నష్టపోయాను. కొన్నేళ్ల క్రితం నా ఫోన్లో "కొత్త రికార్డింగ్ 12", "కొత్త రికార్డింగ్ 47" అంటూ అరవైకి పైగా ముక్కలుండేవి. ఫోన్ పాడైంది, బ్యాకప్ లేదు. పోయినవాటిలో ఏమున్నాయో కూడా చెప్పలేను, పేర్లు లేవు కదా. అప్పటినుంచి పాడే ముందే నోటితో నాలుగు మాటలు చెబుతాను: తేదీ, శ్రుతి, నడక, ఏ సందర్భం. "జూలై పన్నెండు, ఒకటిన్నర శ్రుతి, తిశ్ర నడక, వాన పాట" అని. ఆ తర్వాతే పాడతాను. ఆదివారం కూర్చుని ఫైళ్లకు పేర్లు పెట్టి క్లౌడ్‌లోకి పంపుతాను. పావుగంట పని.

పాట మొత్తం ఫోన్లోనే చేయవచ్చా? గొంతు, ఒక వాద్యం వరకైతే చేయవచ్చు. ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఫోనును చేత్తో పట్టుకోకుండా మెత్తటి గుడ్డ మీద జానెడు దూరంలో ఉంచండి. ఒక్క ఇబ్బంది మాత్రం గుర్తుంచుకోండి: ఫోన్లు మాటల కోసం తయారయ్యాయి. చాలా ఫోన్లలో నాయిస్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది, అది ఆగకుండా మోగే శబ్దాన్ని మోతగా భావించి నొక్కేస్తుంది. మన తంబూరా శ్రుతి సరిగ్గా అలాంటి శబ్దమే. పాడుతున్నంతసేపు శ్రుతి మాయమై, ఆపగానే పైకి లేస్తుంటే కారణం అదే. రికార్డర్ సెట్టింగుల్లో దాన్ని ఆపే వీలు ఉంటే ఆపండి, లేకపోతే వేరే రికార్డింగ్ యాప్ వాడి చూడండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ట్రాక్ వింటూ పాడకండి. వాటిలో శబ్దం సెకనులో పదో వంతు, కొన్నింట్లో ఐదో వంతు ఆలస్యంగా చెవికి చేరుతుంది. మీరు లయ తప్పలేదని ప్రమాణం చేసి చెప్పినా రికార్డింగులో తప్పే ఉంటుంది. పాత వైరు ఇయర్‌ఫోన్లు తీయండి.

పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పాడి పంపితే అది ఫైలును బాగా కుదించేస్తుంది. రికార్డు చేసిన ఫైలును డాక్యుమెంట్‌గా జత చేస్తే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఇంటి రికార్డింగ్ అంటే తక్కువ చూపు అక్కర్లేదు. 1979లో జపాన్‌కు చెందిన టియాక్ కంపెనీ పోర్టాస్టూడియో 144 అనే పెట్టె తెచ్చింది. మామూలు క్యాసెట్ మీద 4 ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డయ్యే నాలుగు వరుసలు, అంతే. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని తన అద్దె ఇంట్లో దాని మీద కొన్ని పాటలు పాడుకున్నాడు, తన బ్యాండుకు వినిపించడానికి. తర్వాత అవే పాటలు స్టూడియోలో బ్యాండుతో చేసి చూస్తే ఆ క్యాసెట్‌లో ఉన్న జీవం రాలేదు. చివరికి అదే ఏడాది క్యాసెట్ రికార్డింగులనే ఆల్బమ్‌గా విడుదల చేశారు. ఈ రోజు మామూలు ఫోన్లో ఆ పెట్టె కంటే ఎక్కువ ట్రాకులు పడతాయి.

## యూఎస్‌బీ మైక్

ఒక్క వైరుతో లాప్‌టాప్‌కు, సరైన కేబుల్ ఉంటే చాలా ఫోన్లకూ తగులుతుంది. ఒక్కరే పాడుతూ, ఇంట్లో నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. కొనేటప్పుడు మైకు మీదే హెడ్‌ఫోన్ సాకెట్ ఉందో లేదో చూడండి. ఉంటే మీ గొంతు ఆలస్యం లేకుండా మీకు వినిపిస్తుంది. లేకపోతే కంప్యూటరు చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుంది, పాడటం నరకం.

దీనికి రెండు పరిమితులు. ఎక్కువ యూఎస్‌బీ మైకులు కండెన్సర్ రకం, అంటే చిన్న శబ్దాన్నీ వదలవు. రోడ్డు పక్క ఇంట్లో ఆటో హారన్ మీతో యుగళగీతం పాడుతుంది. రెండోది, రేపు హార్మోనియం వాయించే మిత్రుడు వస్తే రెండో యూఎస్‌బీ మైకు తగిలించి రెండూ కలిపి రికార్డు చేయడం చాలా తలనొప్పి. ఎప్పటికీ ఒక్కరే అన్న నమ్మకం ఉంటేనే కొనండి. యూఎస్‌బీతో పాటు స్టేజీ మైకులకుండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ కూడా ఉన్న మైకులు దొరుకుతున్నాయి. కాస్త ఎక్కువైనా అవి మేలు, తర్వాత ఇంటర్‌ఫేస్ కొన్నా పనికొస్తాయి.

చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకులు మాటలకు బాగుంటాయి. పాటకు నేను చెప్పను.

## ఇంటర్‌ఫేస్, దానికో మైక్

ఇంటర్‌ఫేస్ అంటే మైకుకూ కంప్యూటరుకూ మధ్య కూర్చునే చిన్న పెట్టె. మైకు సిగ్నల్‌ను పెంచి, అంకెలుగా మార్చి లోపలికి పంపుతుంది. రెండు ఇన్‌పుట్లున్నది తీసుకుంటే గొంతు ఒక దాంట్లో, కీబోర్డు లేదా గిటారు రెండో దాంట్లో వేరువేరు ట్రాకులుగా పడతాయి. ఒక్క ఇన్‌పుట్‌కూ రెండింటికీ ధరలో తేడా ఉన్నా, పాటలు కట్టేవాళ్లు రెండు ఉన్నదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అసలు ప్రశ్న మైకు రకం. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరు గుండానే వెళ్లే కరెంటు కావాలి, ఇంటర్‌ఫేస్ ఇస్తుంది. ఊపిరి, గమకం, పెదవుల కదలిక అన్నీ పట్టుకుంటుంది. వాటితో పాటు ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి టీవీ కూడా. డైనమిక్ మైకు దగ్గరి శబ్దాన్నే పట్టి, దూరానిది చాలావరకు వదిలేస్తుంది. కచేరీల్లో, చర్చిల్లో, ఊరి సభల్లో మనం చూసే షూర్ ఎస్‌ఎమ్58 ఈ రకమే. 1966 నుంచి వస్తున్నా ఇంకా నడుస్తోందంటే కారణముంది. కాకపోతే డైనమిక్ మైకులకు సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, ఇంటర్‌ఫేస్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) బాగా పెంచాలి. చవక ఇంటర్‌ఫేసుల్లో అంత పెంచితే 'స్స్స్' అని సన్నటి మోత వస్తుంది.

నేను మొదట కండెన్సర్ కొన్నాను. అప్పుడు మేం ఉన్నది మెయిన్ రోడ్డు మీది మొదటి అంతస్తు. ఏడాది పాటు ప్రతి టేకులో బస్సులున్నాయి. తర్వాత డైనమిక్‌కు మారాక అదే గదిలో, అదే బొంతతో పాటలు వినగలిగేలా వచ్చాయి. మెరుపు కొంచెం తగ్గింది, దాన్ని మిక్సింగ్‌లో తెచ్చుకోవచ్చు. బస్సును మాత్రం తీయలేం.

కరెంటు సంగతి కూడా ఉంది. రికార్డింగులో 'గుమ్మ్' అని ఆగని మోత వినిపిస్తే అది చాలాసార్లు మన 50 హెర్ట్జ్ కరెంటుది. ముందు లాప్‌టాప్ చార్జర్ తీసేసి చూడండి, సగం సార్లు అక్కడితో పోతుంది. పోకపోతే ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ చూసుకోండి. కీబోర్డు, లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టండి.

సెట్టింగులు పెద్దగా అక్కర్లేదు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. మోనో ట్రాకు నిమిషానికి 8 ఎమ్‌బీ అవుతుంది. గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా గెయిన్ పెట్టండి. ఎర్రగీత తాకితే ఆ టేకు పోయినట్టే, తర్వాత ఏం చేసినా బాగుపడదు.

## చేతి రికార్డర్

డప్పు, కోలాటం, భజన బృందం, పొలంలో నాట్ల పాట. వీటికి ఇల్లు సరిపోదు. పది అడుగుల గదిలో డప్పు కొడితే గోడలే మోగుతాయి, ఫోన్ మైకు చేతులెత్తేస్తుంది. జూమ్, టాస్కమ్ లాంటి కంపెనీల చిన్న రికార్డర్లు బ్యాటరీతో నడుస్తాయి, రెండు మైకులు వాటిలోనే ఉంటాయి. డప్పుకు ఆరేడు అడుగుల దూరంలో చెట్టు కింద పెట్టి చూడండి, గాలికి స్పాంజి తొడుగు వేయండి. ఈ మధ్య వచ్చిన కొన్నింట్లో 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ ఉంది. లెవెల్ ఎక్కువ తక్కువలు తర్వాత సరిచేసుకోవచ్చు కాబట్టి, డప్పు ఎప్పుడు పెద్దదవుతుందో తెలియని చోట చాలా సుఖం. అయితే ఇంట్లో ట్రాకు మీద ట్రాకు వేసుకుంటూ పాట కట్టడానికి ఇది అనుకూలం కాదు.

## గంటల లెక్కన స్టూడియో

ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ చిన్న స్టూడియోలున్నాయి. కరీంనగర్, వరంగల్ వైపు జానపద పాటల యూట్యూబ్ ఛానెళ్ల వల్ల ఇంకా పెరిగాయి. మంచి గది, మంచి మైకు, వినే చెవి ఉన్న మనిషి, మూడూ ఒకేచోట దొరుకుతాయి. ఏడాదికి రెండు మూడు పాటలే చేసేవాళ్లకు సొంత సామాను కంటే ఇదే చవక.

కానీ గడియారం నడుస్తుంటే చరణం రాయలేం. అక్కడికి వెళ్లి "ఈ లైను మారుద్దామా" అనుకున్నామా, డబ్బు కరిగిపోతుంది. అందుకే నాకు నచ్చిన దారి కలగలుపు: ట్యూను, సాహిత్యం, కీబోర్డు ట్రాకు, రఫ్ గొంతు అన్నీ ఇంట్లో. అసలు గొంతు మాత్రం స్టూడియోలో. రఫ్ ట్రాకును పది రోజులు వింటూ సాధన చేసి వెళ్తే గంటన్నరలో బయటికొస్తాం. డబ్బు ఇచ్చే ముందే ట్రాకులన్నీ విడివిడిగా ఇస్తారా అని అడగండి. కలిపేసిన ఒక్క ఫైలు ఇచ్చి పంపితే రేపు ఒక్క మాట మార్చాలన్నా మళ్లీ మొదటికే.

| మార్గం | సుమారు ఖర్చు | ట్యూన్ పోకుండా పట్టడానికి | మోత ఉన్న ఇంట్లో గొంతుకు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఫోన్ | కొత్తగా ఏమీ లేదు | అన్నింటికంటే మేలు | బెత్తెడు దూరంలో పర్వాలేదు | అందరికీ, ముందుగా |
| యూఎస్‌బీ మైక్ | 3 నుంచి 10 వేలు | ఆలస్యం | కష్టం | ఒక్కరే, నిశ్శబ్దమైన గది |
| ఇంటర్‌ఫేస్, మైక్, స్టాండ్, హెడ్‌ఫోన్లు | 15 నుంచి 30 వేలు | ఆలస్యం | డైనమిక్ మైకుతో బాగుంటుంది | నెలకో పాటైనా చేసేవారు |
| చేతి రికార్డర్ | 8 నుంచి 15 వేలు | బాగుంటుంది | మామూలు | డప్పు, భజన, బృందగానం |
| స్టూడియో | గంటల లెక్క | పనికిరాదు | అన్నింటికంటే మేలు | ఏడాదికి రెండు మూడు పాటలు |

ధరలు పండగ సేల్‌లకు, డాలరుకు తగ్గట్టు ఊగుతుంటాయి. స్టాండు, కేబుల్, పాప్ ఫిల్టర్ కలిపి లెక్కవేయండి, మైకు ధర ఒక్కటే చూస్తే చివర్లో రెండు మూడు వేలు తేడా వస్తుంది.

## ఏ సాఫ్ట్‌వేర్

ఆపిల్ ఫోనో కంప్యూటరో ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, వేరే వెతకనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌ల్యాబ్. అదీ ఉచితమే, పైగా వేరే ఊళ్లో ఉన్న మిత్రుడు అదే పాటలో తన ట్రాకు వేయగలడు. ఆడాసిటీ ఉచితం, గొంతు కోసి అతకడానికి చక్కగా ఉంటుంది, కానీ అందులో కీబోర్డును మిడిగా (శబ్దం కాకుండా ఏ మెట్టు ఎప్పుడు నొక్కామో రాసుకునే పద్ధతి) రికార్డు చేయలేం. రీపర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. పాత లాప్‌టాప్‌లో కూడా తేలిగ్గా నడుస్తుంది, నేను వాడేది అదే. బీట్లు కట్టేవాళ్లు ఎఫ్‌ఎల్ స్టూడియో అంటారు. మంచిదే, కానీ అందులో అన్నింటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేయడం కుదరదు. కొనే ముందు ఏ ఎడిషనో చూసుకోండి.

మిడి గురించి ఒక్క మాట. కీబోర్డును మిడిగా రికార్డు చేస్తే తర్వాత శ్రుతి మార్చుకోవచ్చు. మీరు ఒకటిన్నరలో కట్టిన పాటను ఐదు శ్రుతిలో పాడే అమ్మాయికి ఇవ్వాలంటే రెండు క్లిక్కులు. ఆడియోగా రికార్డు చేస్తే అంత దూరం మార్చినప్పుడు శబ్దం చెడుతుంది, మళ్లీ వాయించడమే మేలు. హార్మోనియంతో మొదలుపెట్టేవాళ్లు ముందు ట్యూనర్ యాప్‌తో దాని శ్రుతి చూసుకోండి. చాలా పెట్టెలు ప్రామాణిక శ్రుతికి కాస్త అటో ఇటో ఉంటాయి, తర్వాత వేసే కీబోర్డు దానితో కలవదు.

చాలా యాప్‌లు తెరవగానే నిమిషానికి 120 దెబ్బల వేగం, నాలుగు దెబ్బల లెక్కతో ఉంటాయి. మీ పాట మూడు లెక్క తిశ్రంలోనో ఏడు లెక్క మిశ్రచాపులోనో ఉంటే ముందే మార్చండి. లేకపోతే క్లిక్కు ఒకవైపు, మీ లయ ఒకవైపు లాగుతాయి.

## రాసే పద్ధతిని బట్టి

ట్యూన్ ముందు కట్టేవాళ్లు, మాట ముందు రాసేవాళ్లు, లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న సంగీతపు ముక్క) ముందు పెట్టేవాళ్లు అని మూడు రకాలు. సామాను ఎంపిక దీనిమీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ట్యూన్ ముందైతే ఫోన్, తంబూరా యాప్ చాలు. "తననన" అని పాడి పెట్టుకోండి, కానీ ఏ స్వరం సాగుతోందో ఏది చిన్నదో స్పష్టంగా పాడండి. తెలుగులో దీర్ఘం పడాల్సిన చోట హ్రస్వం పడితే పాట నాలుకకు అడ్డం పడుతుంది. "కల" అని సాగదీస్తే "కాల" అవుతుంది, అర్థమే మారిపోతుంది. నేను తననలను విని కాగితం మీద గురువు, లఘువు గుర్తులు వేసుకుంటాను. ఆ గుర్తుల్లో సరిపోయే మాట వెతుకుతాను. దీనికి లాప్‌టాప్ తెరవడం నష్టమే.

మాట ముందు రాసేవాళ్లు రాసింది ముందు గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేసుకోవాలి. చదివేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో అక్కడే ట్యూన్ బీజం ఉంటుంది. చర్చిలకు, భజనలకు పాటలు రాసేవాళ్లలో ఈ పద్ధతి ఎక్కువగా చూశాను.

లూప్ ముందు పెట్టేవాళ్ల కష్టం వేరు. నాలుగు బార్ల లూప్ అరగంటలో అద్భుతంగా వినిపిస్తుంది, ఆ సంతోషంలో రెండు గంటలు అదే వింటూ డ్రమ్ము శబ్దాలు మారుస్తూ కూర్చుంటాం. చరణం పుట్టదు. పల్లవి, ఒక్క చరణం ఫోన్లో రఫ్‌గా పూర్తయ్యేదాకా లాప్‌టాప్ తెరవకూడదని నియమం పెట్టుకోండి. నా పాటల్లో పూర్తయినవన్నీ ఈ నియమం పెట్టుకున్నాక వచ్చినవే.

## మీరు ఎవరైతే ఏది

హాస్టల్ విద్యార్థికి ఫోన్, వైరు ఇయర్‌ఫోన్లు, బ్యాండ్‌ల్యాబ్. గదిలో ముగ్గురుంటారు, మైకు కొన్నా పెట్టే చోటు లేదు.

చిన్నపిల్లలున్న ఇల్లాలికి అసలు కరువు సమయం. ఇరవై నిమిషాలు దొరికితే అందులో పది సామాను తగిలించడానికే పోతే మళ్లీ ముట్టుకోరు. స్మ్యూల్, స్టార్‌మేకర్ లాంటి కరోకే యాప్‌లలో సినిమా పాటలు చక్కగా పాడి, సొంత పాటకు ధైర్యం చేస్తున్నవాళ్లు వీరిలో చాలామంది ఉన్నారు. వీరికి యూఎస్‌బీ మైకును స్టాండుతో సహా బీరువా పక్కన శాశ్వతంగా పెట్టి ఉంచమంటాను. తీసి దాచే పని ఉండకూడదు.

చర్చి లేదా భజన బృందంలో కీబోర్డు వాయించేవారికి రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, డైనమిక్ మైక్. కీబోర్డు నేరుగా లోపలికి పోతుంది, మైకు సభలోనూ పనికొస్తుంది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల ఇళ్లలో చాలావరకు కార్పెట్, చెక్క చట్రాల గోడలు. గది మోత మనకంటే తక్కువ, కండెన్సర్ ధైర్యంగా తీసుకోవచ్చు. హీటర్, ఏసీ గొట్టాల గాలి మోత మాత్రం ఆపుకోవాలి. ఇక్కడి తబలా కళాకారుడితో కలిసి చేయాలంటే ఇద్దరూ ముందే వేగం, శ్రుతి అంకెల్లో రాసుకుని, వేవ్ ఫైళ్లు (కుదించని ఆడియో ఫైళ్లు) మార్చుకుంటే సరిపోతుంది.

పదిహేను వేలు దాచిన నా ఇద్దరు మిత్రుల్లో రెండో ఆయనకు పాటలు సిద్ధంగా ఉన్నాయి, గొంతే సరిగా పడటం లేదు. ఇల్లు బస్టాండు వెనక. డైనమిక్ మైకు, చిన్న ఇంటర్‌ఫేస్ తీసుకున్నాడు, వాళ్లమ్మ కుట్టిన బొంత వెనక కట్టుకున్నాడు. మొదటి ఆయన పాటలు చరణం దగ్గర ఆగేవి. ఆయన ఏమీ కొనలేదు. ఆదివారం పొద్దున ఐదింటికి ఫోను, నోటుపుస్తకం పట్టుకుని డాబా మీదికి వెళ్తున్నాడు. ఇప్పటికి నాకు నాలుగు చరణాలు పంపాడు, డాక్యుమెంట్‌గానే.